అజ్జరం గిన్నెలు, ఎల్స్‌బర్గ్ గుర్రాలు

అమెరికా వెళ్ళొచ్చినవాళ్ళంతా నయాగరా గురించి చెబుతారు. నేను నయాగరా చూడలేదు. కాగడా పట్టుకున్న ఆవిడ విగ్రహాన్నీ చూడలేదు. "మరి అంత దూరం వెళ్ళి ఏం చూశారండీ?" అని మా స్టాఫ్‌రూములో అడిగారు. గుర్రాల్ని చూశానని చెబితే ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అందుకే ఇదంతా రాయాల్సి వస్తోంది.

కాకినాడలో ముప్ఫై ఏళ్ళుగా ఇంటర్ పిల్లలకి ఫిజిక్స్ చెబుతున్నాను. వాతావరణ పీడనం పాఠంలో ఒక బొమ్మ ఉంటుంది. రెండు లోహపు అర్ధగోళాలు అంచుకి అంచు ఆనించి, లోపలి గాలి తోడేసి, అటు కొన్ని గుర్రాలు, ఇటు కొన్ని గుర్రాలు కట్టి లాగుతుంటారు. అవి విడిపోవు. ఈ ప్రయోగం చేసినాయన మూడున్నర శతాబ్దాల కిందట జర్మనీలో మాగ్డెబర్గ్ అనే ఊరికి మేయరు. ఆయన పేరు మా పిల్లలకి నోరు తిరగక "మేయరు గారు" అనేవారు, నాకూ అదే అలవాటైపోయింది. యుద్ధంలో తగలబడిపోయిన ఊరిని తిరిగి కట్టడంలో తిరుగుతూ, ఊరి తరఫున దొరల దగ్గరికి రాయబారాలు నడుపుతూ, తీరిక దొరికితే గాలిని తోడే పంపులు చేసుకున్న మనిషి. ఆ బొమ్మ నల్లబల్ల మీద ఎన్నిసార్లు వేశానో! గుర్రాలు మాత్రం నాకెప్పుడూ మేకల్లాగే వచ్చేవి.

నా బీఎస్సీ స్నేహితురాలు రాజ్యం మిషిగన్ రాష్ట్రంలో ఎల్స్‌బర్గ్ అనే చిన్న ఊళ్ళో ఉంటుంది. ఆమె భర్త సదాశివం గారు ఇంజనీరు. కిందటి వసంతంలో ఆయనే ఫోన్ చేశారు. ఆ ఊరు జర్మన్ రైతులు వచ్చి కట్టుకున్నది, ఏటా ఆగస్టులో పెద్ద జాతర చేస్తారు, ఈసారి జాతరలో మేయరు గారి ప్రయోగం నిజం గుర్రాలతో చేసి చూపిస్తానని తను ఒప్పుకున్నానన్నారు. "చెల్లెమ్మా, గిన్నెలు నువ్వు పోయించి తీసుకురా, టిక్కెట్టు నేను పంపిస్తా" అన్నారు. నేను రెండో మాట మాట్లాడలేదు. ఇత్తడి పోతకి పేరుపడ్డ అజ్జరం వెళ్ళి అక్కడి పనివాళ్ళ చేత మూరెడు వెడల్పున రెండు ఇత్తడి అర్ధగోళాలు పోయించి, కాకినాడలో లేతు మీద అంచులు నునుపు చేయించి, ఒక్కో పెట్టెలో ఒక్కోటి చీరల మధ్య సర్ది విమానం ఎక్కాను.

ప్లెయిన్స్‌బరో

న్యూజెర్సీ విమానాశ్రయంలో కస్టమ్స్ ఆయన నా పెట్టె తెరిచాడు. ఇత్తడి గిన్నెని అటూ ఇటూ తట్టి చూసి పక్కన పెట్టాడు. బాంబులాంటి వస్తువు అక్కడే కనిపిస్తుంటే ఆయన ధ్యాసంతా పక్కనున్న మాగాయ సీసా మీదే! విత్తనాలున్నాయా, మాంసముందా, ఎందుకింత ఎర్రగా ఉంది అని పది ప్రశ్నలు వేశాడు. మామిడికాయ అని చెప్పి మూత తీసి చూపించాను. ఘాటుకి తుమ్మి, వెళ్ళమన్నాడు.

నన్ను తీసుకెళ్ళడానికి రాజ్యం కూతురు కీర్తన వచ్చింది. అక్కడే పుట్టి పెరిగిన పిల్ల, మందుల కంపెనీలో ఉద్యోగం. ప్లెయిన్స్‌బరోలో ఆ పిల్ల ఉండే అపార్ట్‌మెంట్ల వరసలో ఏ మెట్లు ఎక్కినా పోపు వాసనే. ఎదురైన పిల్లలందరూ నన్ను ఆంటీ అన్నారు. మర్నాడు పొద్దున టిఫినుకి తీసుకెళ్ళింది. మూడు ఇడ్లీలు ఏడు డాలర్లు. నేను పెదాలు కదుపుతుంటే కీర్తన కనిపెట్టేసింది.

"ఆంటీ, ప్లీజ్, మల్టిప్లై చేయకండి. మీకు ఇడ్లీ అరగదు."

చట్నీ మాత్రం బాగుంది. కొబ్బరి ఎక్కడిదో మరి.

అక్కణ్ణుంచి మిషిగన్‌కి కారులో రెండు రోజుల ప్రయాణం. గిన్నెలు వెనకాల డిక్కీలో, మాగాయ నా కాళ్ళ దగ్గర. దారి ఎక్కగానే ఆ పిల్ల మనసులో మాట బయటపెట్టింది. వాళ్ళ నాన్న ఈ ప్రయోగం ఊరికే జాతర కోసం చేయడం లేదు. నవంబరులో జరిగే ఊరి కౌన్సిల్ ఎన్నికల్లో నిలబడుతున్నారు. పదిహేనేళ్ళుగా ఆ ఊళ్ళో ఉంటున్నా అందరూ మర్యాదగా నవ్వుతారే తప్ప ఒక్కరూ గుమ్మం దాటి లోపలికి రారట. పైగా ఆయన పనిచేసిన బ్రేకుల ఫ్యాక్టరీ మూతపడ్డప్పుడు యంత్రాలన్నీ విప్పించి పంపించే పని ఆయన మీద పడింది. అందరికంటే చివర బయటికొచ్చినాయన ఆయనే కాబట్టి, ఫ్యాక్టరీ పేరెత్తితే ఊరివాళ్ళకి ఆయనే గుర్తొస్తారు.

"నవంబర్‌లో లూజ్ అయితే మామ్ హౌస్ సేల్‌కి పెడతానంది ఆంటీ. ట్రాయ్‌కి మూవ్ అయిపోదాం, అక్కడ మనవాళ్ళు ఉన్నారు అంటుంది. డాడ్ ఓకే అన్నాడు. బట్ ఆయనకి ఇష్టం లేదు. ఆ ఊరు అంటే ఆయనకి, ఐ డోంట్ నో, చాలా ఇష్టం."

"మరి గుర్రాలెందుకమ్మా?"

"వాళ్ళకి హార్సెస్ అంటే ప్రాణం. డాడ్ న్యూస్‌పేపర్‌లో చెప్పేశాడు, మీ హార్సెస్ లాగలేవు అని."

రైతుల ఊళ్ళో, రైతుల గుర్రాల గురించి, ఓట్లు అడిగే మనిషి అనాల్సిన మాటా అది? తర్వాత ఆలోచిస్తే మేయరు గారు చేసింది కూడా అదే కదా అనిపించి ఊరుకున్నాను.

పెన్సిల్వేనియాలో గ్లాసు నీళ్ళు

పెన్సిల్వేనియా అంతా కొండలు, పచ్చదనం, సొరంగాలు. అరకు గుర్తొచ్చింది గానీ అరకులో ఇంత వేగంగా వెళ్ళే దారి లేదు. మధ్యాహ్నం ఒక చిన్న హోటల్లో ఆగాం. వడ్డించే ఆవిడది నా వయసే ఉంటుంది. కాళ్ళకి తెల్ల బూట్లు, చెవిలో పెన్సిలు. నన్ను "హనీ" అంది. మా ఆయన కూడా ఏనాడూ అలా పిలవలేదు. కాఫీ రెండు డాలర్లు, కానీ ఖాళీ అయినప్పుడల్లా వచ్చి పోస్తూనే ఉంది, డబ్బు అడగకుండా. మన హోటళ్ళలో రెండోసారి సాంబారు అడిగితే సర్వరు చూసే చూపు గుర్తొచ్చి ఇంకో కప్పు తాగాను. గుడ్లు ఎలా కావాలని ఎన్ని రకాలుగా అడిగిందో! మాంసం, గుడ్లు తిననని చెబితే కంగారుపడి, బంగాళాదుంపలు వేయించి తెచ్చింది. వాటి మీద మాగాయ వేసుకుని తిన్నాం.

ఏం పని చేస్తావని అడిగింది. నోటితో చెప్పడం దేనికని గ్లాసు నిండా నీళ్ళు పోసి, దాని మీద వాళ్ళ మెనూ కార్డు మూతపెట్టి, బోర్లించి చెయ్యి తీసేశాను. కార్డు కింద పడలేదు, నీళ్ళు కారలేదు. ఆవిడ వెంటనే వంటాయన్ని కేకేసింది. ఆయన వచ్చి తానే చేస్తానని పట్టుబట్టి, గ్లాసు సగం వంచి ఆగి చూశాడు. ఏప్రనంతా తడిసింది. ఆపిల్ పై అనే తీపి పదార్థం రెండు ముక్కలు బిల్లులో వేయకుండా ఇచ్చారు. మా అమ్మాయిల కాలేజీలో ఇన్నేళ్ళు చూపించాను, ఒక్క జంతిక ముక్క పెట్టినవాళ్ళు లేరు.

ఒహాయోలో గాలి

రెండో రోజు ఒహాయోలో మొక్కజొన్న చేల మధ్య వెళుతుంటే కారు డ్యాష్‌బోర్డు మీద పసుపురంగు దీపం వెలిగింది. టైరులో గాలి తగ్గిందట. పెట్రోలు బంకులో ఆపాం. అక్కడ గాలి మిషను డబ్బులు వేస్తే తప్ప కదలదు. డాలరున్నర, అదీ చిల్లర నాణాల్లోనే! నాకు ఒళ్ళు మండింది. కాకినాడలో పెట్రోలు కొట్టించుకున్నా కొట్టించుకోకపోయినా కుర్రాడు వచ్చి ఉట్టినే గాలి కొట్టి వెళ్తాడు. గాలికి ప్రపంచంలో ఎవరూ ధర కట్టలేదని క్లాసులో గొప్పగా చెప్పేదాన్ని, ఇక చెప్పడానికి లేదు.

మా దగ్గర నాణాలు లేవు. పక్కన పెద్ద లారీ ఆపుకుని శాండ్‌విచ్ తింటున్న ఒక భారీ మనిషి చూసి, జేబులోంచి నాణాలు తీసి తనే మిషనులో వేశాడు, తనే మోకాళ్ళ మీద కూర్చుని గాలి పట్టాడు. నోటు ఇవ్వబోతే వద్దన్నాడు. తెరిచిన డిక్కీలో ఇత్తడి అంచు మెరుస్తుంటే ఏమిటని అడిగాడు. కీర్తన అంతా చెప్పింది. ఆయన తల గోక్కుని, "నేనైతే గుర్రాల మీదే పందెం కాస్తాను" అన్నాడు. ఈ దేశంలో సదాశివం గారికి వ్యతిరేకంగా పడ్డ మొదటి ఓటు అదేనని కీర్తన నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

ట్రాయ్

సాయంత్రానికి ట్రాయ్ చేరాం. డెట్రాయిట్ పక్కన, కార్ల కంపెనీల్లో పనిచేసే మనవాళ్ళు ఎక్కువగా ఉండే ఊరు. రాజ్యానికి తెలిసినవాళ్ళింట్లో భోజనం. గుత్తివంకాయ, పప్పుచారు, గోంగూర, నాలుగు రకాల స్వీట్లు, అన్నీ కాగితం పళ్ళేల్లో. మగవాళ్ళు ఒక గదిలో గ్రీన్‌కార్డు క్యూ గురించి, ఆడవాళ్ళు ఇంకో గదిలో స్కూల్ డిస్ట్రిక్టుల గురించి మాట్లాడుకున్నారు. ఎమ్మెస్ చదువుతున్న వరంగల్ అమ్మాయి ఒకతి నా పక్కన చేరి, మాగాయ కలుపుకుని ఆవురావురుమని తింది.

సదాశివం గారి మాట వచ్చేసరికి రెండు గదులూ ఒకటయ్యాయి. మనకెందుకండీ పాలిటిక్స్ అని కొందరు. ఆ ఊళ్ళో మనవాళ్ళు ఒక్కరు కూడా లేరు, ఎవరు వేస్తారు ఓటు అని కొందరు. గుర్రాల సంగతి విన్నాక అయితే నవ్వులే నవ్వులు. ఇల్లుగలాయన మాత్రం ఇక్కడ పక్క వీధిలో ఒక ఇల్లు అమ్మకానికి ఉందనీ, రాజ్యం గారు ఇప్పటికే ఫొటోలు అడిగారనీ నాతో మెల్లగా చెప్పాడు. వాళ్ళ మంచి కోరే అన్నాడు, కాదనను.

వరంగల్ అమ్మాయి మమ్మల్ని కారు దాకా సాగనంపింది. "ఆంటీ, సార్‌కి చెప్పుండ్రి, గెలిస్తే మస్తుంటది" అంది. ఆ ఇంట్లో ఆ మాట అన్నది ఆ పిల్ల ఒక్కతే.

ఎల్స్‌బర్గ్

మర్నాడు మధ్యాహ్నానికి ఎల్స్‌బర్గ్. ఒకే ఒక్క పెద్ద వీధి, రెండు చర్చిలు, ఒక ధాన్యం గోడౌను, ఇంటి ముందు గడ్డి కత్తిరించని వాళ్ళు ఒక్కరూ లేరు. రాజ్యం నన్ను చూడగానే కావలించుకుని ఏడ్చి, వెంటనే కాఫీ పెట్టింది. ముప్ఫై ఏళ్ళయినా ఫిల్టరు మార్చలేదు.

సదాశివం గారు గిన్నెల్ని ఒళ్ళో పెట్టుకుని అంచు మీద వేలు నడిపారు. సన్నగా, కాస్త వంగిన మనిషి. నేను తెచ్చిన కొత్త పంచె వైపు కూడా చూడలేదు. ఆయన లెక్క సిద్ధంగా ఉంది. ఈ వెడల్పుకి బయటి గాలి నొక్కుడు టన్ను పైమాటే. రెండేసి గుర్రాలు లాగినా ఆగాలి. ఒకవైపు గుర్రాల్ని తీసేసి ఆ గిన్నెని చెట్టుకి కట్టినా ఫలితం అదే అని నేను అన్నాను. ఇది నేను ఏటా పరీక్షలో ఇచ్చే ప్రశ్న. ఆయనకీ తెలుసు, మేయరు గారికీ తెలిసే ఉంటుంది. "కానీ చెట్టుని చూడ్డానికి ఎవరొస్తారు చెల్లెమ్మా" అన్నారు.

సాయంత్రం గుర్రాలాయన వచ్చాడు. పేరు హ్యాంక్. డెబ్భైకి దగ్గర పడ్డ రైతు, సదాశివం గారి ఫ్యాక్టరీలోనే పని పోగొట్టుకున్నవాడు. లోపలికి రమ్మంటే రాలేదు, వాకిట్లోనే నిలబడ్డాడు. గిన్నెల మధ్య వేయడానికి తన పాత జీను తోలుతో గుండ్రంగా ఒక పట్టీ కోసి తెచ్చాడు, చాలా నీటుగా ఉంది. దాన్ని ఇచ్చి, "నీ గిన్నెలు రెండు ముక్కలవుతాయి, చూసుకో" అని మర్యాదగా టోపీ ఎత్తి వెళ్ళిపోయాడు. రాజ్యం తలుపు వేసి, నా వైపు తిరిగి అంది.

"చూశావుగా. ఇదే ఇక్కడ మా బతుకు. రేపు గనక అందరి ముందూ నవ్వులపాలైతే నేను ఈ ఊళ్ళో కూరగాయలకి కూడా వెళ్ళలేనే సుగుణా."

సదాశివం గారు విన్నారు. హ్యాంక్ తోలు పట్టీని గిన్నె అంచు మీద పెట్టి సరిచూసుకున్నారు.

జాతర

పొద్దున్నే స్నానాలయ్యాక రాజ్యం గిన్నెల్ని పూజగదిలో పీట మీద పెట్టింది. ఇందులో వింతేమీ లేదు. మా కాలేజీ ల్యాబులో కొత్త పంపు వచ్చినా దసరాకి బొట్టు పెట్టందే స్విచ్చి వేయం. పసుపు రాసింది, కుంకుమ పెట్టింది, కొబ్బరికాయ కొట్టింది. సదాశివం గారు కూడా కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టుకుని, గుప్పెడు అక్షింతలు రెండు గిన్నెల మీదా వేశారు. తర్వాత అంచులకి గ్రీజు రాసి, గిన్నెల్ని గుడ్డలో చుట్టి బయలుదేరదీశారు.

వాళ్ళ జాతర కూడా మన జాతరే, దేవుడొక్కడే తక్కువ. చెరుకురసం బదులు నిమ్మరసం, అది నాలుగు డాలర్లు. బూందీ బదులు నూనెలో వేయించి పంచదార చల్లిన పిండి. పందుల్ని కడిగి, దువ్వి, మెడలో రిబ్బన్లు కట్టి వరసగా నిలబెట్టారు. ఎవరి గుమ్మడికాయ పెద్దదో చూడడానికి ముసలివాళ్ళు క్యూ కట్టారు. ఎక్కడా తోపులాట లేదు. మనవైపు అయితే ఈపాటికి ఒకరి చెప్పు పోయి ఉండేది.

మైదానం మధ్యలో హ్యాంక్ గుర్రాలు నాలుగు. అమ్మో, అవి గుర్రాలా! ఒక్కోటీ మా వంటింటి అటక అంత ఎత్తు, కాళ్ళ దగ్గర తెల్ల జూలు. బల్ల మీద నేనేసిన మేకలు గుర్తొచ్చి సిగ్గేసింది. సదాశివం గారు గిన్నెల మధ్య తోలు పట్టీ వేసి, మూసి, పంపు పెట్టి గాలి తోడారు. మీటరు సూది దిగాల్సిన చోటికి దిగింది. కాస్త వణికింది గానీ జనరేటరు అదురు అనుకున్నాం. గొట్టం గుర్రాల కాళ్ళకి తగులుతుందని కవాటం బిగించి పంపునీ మీటరునీ తీసేశారు. ఇక గుర్రాలు లాగడమే తరువాయి అనుకుంటే ఊరి మేయరమ్మ మైకు అందుకుంది. ఊరు కట్టిన తాతల నుంచి మొదలుపెట్టి నిమ్మరసం అమ్మేవాళ్ళ దాకా అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు చెప్పింది. ఉపన్యాసాల విషయంలో మనం ఒంటరివాళ్ళం కాదని ఊరట కలిగింది.

చివరికి హ్యాంక్ నాలుక కొట్టాడు. గుర్రాలు అటూ ఇటూ ఒక్క అడుగు వేశాయి. గిన్నెలు విడిపోయి గడ్డిలో దొర్లాయి.

ఊరంతా చప్పట్లు, ఈలలు. గుర్రాలకి! ఎవరో "ఫ్యాక్టరీలాగే దీన్నీ విప్పేశాడు" అన్నది నాకు స్పష్టంగా వినబడింది. రాజ్యం నా చెయ్యి ఎంత గట్టిగా పట్టుకుందంటే గాజు ఒకటి చిట్లింది. కీర్తన కళ్ళనిండా నీళ్ళు. సదాశివం గారు మాత్రం పరుగెత్తలేదు, తడబడలేదు. గడ్డిలో మోకాళ్ళ మీద కూర్చుని అంచు మొత్తం వేలితో తడిమారు. ఒకచోట ఆగారు. తోలు పట్టీ తిరగేసి చూశారు. గ్రీజులో కూరుకుపోయి, పసుపు అంటుకున్న ఒక బియ్యపుగింజ!

నాకు క్షణంలో అర్థమైంది. తోలు ఆ గింజ చుట్టూ పూర్తిగా అతుక్కోలేదు. మేయరమ్మ మాట్లాడినంతసేపూ గాలి ఆ సందులోంచి లోపలికి వెళుతూనే ఉంది.

మైకు పట్టుకున్న కుర్రాడు ఆయన దగ్గరికొచ్చి, తోలు సరిగ్గా లేదా అని అడిగాడు. ఎంత మంచి దారి చూపించాడో! తోలు హ్యాంక్‌ది. అవును అంటే చాలు, తప్పు అటు పోతుంది. రాజ్యం గట్టిగానే తెలుగులో అంది: "బియ్యం సంగతి చెప్పకండి. మీకు దణ్ణం పెడతా, చెప్పకండి." ఆ గింజ ఒక్కటి చాలు, ఈయన మనవాడు కాడు అని ఊరంతా అనుకోవడానికి.

సదాశివం గారు భార్య వైపు చూశారు. మైకు తీసుకున్నారు.

"తోలు బాగుంది. చాలా బాగుంది. తప్పు నాది. మా ఇంట్లో ఏ కొత్త వస్తువైనా వాడేముందు పసుపు కలిపిన బియ్యంతో దీవిస్తాం. పొద్దున నేనే వేశాను. ఒక గింజ అంచు మీద ఉండిపోయింది, నేను చూడకుండా గ్రీజు రాశాను. గుర్రాలు న్యాయంగా గెలిచాయి. నాకు ఇంకొక్క అవకాశం ఇస్తే తుడిచి మళ్ళీ పెడతాను."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. నవ్వలేదు కూడా. హ్యాంక్ కళ్ళేలు వదిలి నడుచుకుంటూ వచ్చాడు. గింజని అరచేతిలో వేయించుకుని, కళ్ళజోడు పైకెత్తి చూశాడు. మైకులో కాదు గానీ, ముందు వరసల్లో అందరికీ వినబడేలా అన్నాడు.

"మా పాస్టరు ఏటా నాట్లకి ముందు మా ట్రాక్టర్ల మీద ప్రార్థన చేస్తాడు. ఒక ఏడాది నీళ్ళు చల్లితే నాది స్టార్ట్ అవలేదు." తర్వాత సదాశివం గారి భుజం మీద చెయ్యి వేసి, "తుడువు. నా గుర్రాలకి అలుపు రాలేదు" అన్నాడు.

రెండోసారి

ఈసారి తోలు పట్టీని హ్యాంకే తన చొక్కా అంచుతో తుడిచాడు. అంచులు నేను తుడిచాను. గాలి తోడాక మీటరు వెంటనే తీయకుండా సూది కదలడం లేదని చూసుకునే దాకా సదాశివం గారు ఆగారు. మేయరమ్మ మళ్ళీ మైకు వైపు వెళ్ళబోతే ఆమె భర్త చెయ్యి పట్టుకుని ఆపాడు.

గుర్రాలు లాగాయి. గొలుసులు బిగుసుకున్నాయి. గిట్టల కింద గడ్డి లేచిపోయి నల్లమట్టి కనబడింది. హ్యాంక్ మొహం కందగడ్డలా అయ్యింది, ఒక్కో గుర్రాన్నీ పేరుపెట్టి బతిమాలాడు, తిట్టాడు, మళ్ళీ బతిమాలాడు. గుర్రాలు లెక్కలు చదవవు కదా, ఒక్క గట్టి గుంజుకి అంతా అయిపోతుందేమోనని భయమేసింది. గిన్నెలు గాలిలో వణుకుతూ అలాగే ఉన్నాయి. చివరికి హ్యాంకే చెయ్యెత్తి ఆపించాడు. గుర్రాల మెడలు నిమిరి, "మీ తప్పేం లేదు" అన్నాడు వాటితో.

సదాశివం గారు గిన్నెల్ని మోసుకొచ్చి రాజ్యం ముందు పెట్టారు. ఆవిడ పట్టుచీర కొంగు నడుముకి దోపి, అందరూ చూస్తుండగా కవాటం తిప్పింది. గాలి బుస్సుమని లోపలికి పోయింది. రెండు చేతులతో విడదీసి చెరో పక్కా పెట్టింది. అప్పుడు కొట్టారు చప్పట్లు! నేను ముప్ఫై ఏళ్ళ పాఠాలన్నీ ఒక్కసారే చెప్పేసినంత సంతోషంతో ఎవరో తెలియని ముసలావిడని కావలించుకున్నాను. ఆవిడ చేతిలో నిమ్మరసం నా చీర మీద పడింది. ఫరవాలేదన్నాను.

ఓట్ల సంగతి మాత్రం ఆ రోజు ఎవరూ ఎత్తలేదు. మర్యాదగా చేతులు కలిపి, బాగుందని చెప్పి, ఎవరి కార్లు వాళ్ళు ఎక్కారు. నేను వచ్చేసే ముందు రాజ్యం ట్రాయ్ ఇంటి ఫొటోలు నాకు చూపించింది. వంటిల్లు బాగుంది. ఆ మాటే అన్నాను.

కాకినాడ

డిసెంబరులో రాజ్యం ఫోన్ చేసింది. సదాశివం గారు గెలిచిన సంగతి నవంబరులోనే కీర్తన మెసేజ్ పెట్టింది గనక మళ్ళీ అభినందించబోయాను. రాజ్యం నన్ను మాట్లాడనిస్తేగా!

"అది కాదే, విను. నిన్న ఇంకా తెల్లారకముందే ఎవడో తలుపు బాదాడు. వాళ్ళ వీధిలో మంచు తీయలేదట. గుమ్మంలో నిలబడి ఈయన్ని చెడామడా తిట్టాడు. పేరుపెట్టి మరీ తిట్టాడు. నీకు ఓటు వేసింది ఇందుకేనా అన్నాడు."

"మరి అన్నయ్యగారు?"

"ఏం చేస్తారు, స్వెట్టరు తొడుక్కుని, పార పట్టుకుని ఆయన వెనకాలే వెళ్ళారు. నేను తలుపు దగ్గర నిలబడి ఏడ్చాను." ఆ గొంతులో ఏడుపు లేదు. "పదిహేనేళ్ళలో ఈ ఊళ్ళో మమ్మల్ని ఒక్కరు కూడా తిట్టలేదే సుగుణా."

ట్రాయ్‌లో ఇంటి సంగతి ఏమైందని అడిగాను.

"ఇంకెక్కడి ట్రాయ్! ఆ తిట్టినాయన ఇవాళ సాయంత్రం పెళ్ళాన్ని తీసుకుని కాఫీకి వస్తానన్నాడు. ఇల్లంతా చిందరవందరగా ఉంది, పెట్టెయ్ ఫోను."